టికెట్ లేని గాలి

ఆ ఇంట్లోకి వచ్చే గాలి మామూలు గాలి కాదు. వీధి చివరి మేడ, పై అంతస్తు, ఎదురుగా అడ్డు చెప్పే గోడ ఒక్కటీ లేదు. బల్ల మీద పెట్టిన కాగితం లేచి, వంటింట్లోకి వెళ్ళి, అందరినీ పలకరించి, మళ్ళీ వచ్చి బల్ల మీదే పడుకుంటుందని మెట్ల దగ్గర చెప్పుకుంటారు. ఒకసారి గోడ మీది క్యాలెండరు ఒక్క ఊపున రెండు నెలలు ముందుకు తిరిగిపోతే, ఇంటాయన అది చూసి రెండు జీతాలు ఒకేసారి పడ్డాయేమోనని బ్యాంకుకు పరిగెత్తాడట. ఇందులో కొంత అబద్ధం ఉంది. ఆయన బ్యాంకు దాకా పోలేదు. సగం దారిలో బుర్ర వెలిగి వెనక్కి వచ్చాడు.

ఆయన్ని తెలిసినవాళ్ళంతా బొంగరం అంటారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు జీతం కాగితం మీద ఒక్కచోటే బతికి ఉంది. బొంగరం అన్నది బడిలో పడిన పేరు. బెంచీ మీద కూర్చోబెడితే ఆ బెంచీయే నడిచి తలుపు దగ్గరికి వచ్చేదట. చదువు సగంలో మానేశాడు. చదువు రాక మానలేదని, దాన్ని కూర్చుని నేర్చుకోవాలన్నారు కాబట్టి మానేశానని ఇప్పటికీ ఛాతీ విరుచుకుని చెబుతాడు. అన్నం నిలబడి తింటాడు. పేపరు నడుస్తూ చదువుతాడు. జుట్టు కత్తిరించే అతను ఈయన తల చుట్టూ తిరిగే పనే పెట్టుకోడు, కత్తెర ఒకచోట పట్టుకుని నిలబడితే చాలు, మిగతాది తల చూసుకుంటుంది.

ఇలాంటి మనిషికి దేవుడు ఏరికోరి ఇచ్చినట్టు సిటీ బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగం దొరికింది. ఒక బస్సెక్కడం, చూడడం, దిగడం, ఇంకో బస్సెక్కడం. ఇన్నేళ్ళ సర్వీసులో సీటు మీద కూర్చున్న పాపాన పోలేదు. టికెట్ లేనివాణ్ణి వాసనతోనే పట్టేస్తానంటాడు. నిద్ర నటిస్తున్న ఒక పెద్దమనిషిని గురకలో తాళం తప్పిందని పట్టుకున్న కథ డిపోలో ఇప్పటికీ నడుస్తోంది. మొదట్లో ఆ బస్సులో ఒక్క గురకే ఉండేది. చెప్పగా చెప్పగా ఇప్పుడు బస్సంతా గురక పెడుతోంది, బొంగరం అందులోంచి దొంగ గురకను ఏరుతున్నాడు.

ఆయన భార్య మాత్రం ఉన్నచోట ఉండే మనిషి. రైల్వే స్టేషన్లో మైకు ముందు కూర్చుని బళ్ళ రాకపోకలు చెప్పేది. బండి ఆలస్యమన్న మాట కూడా ఆవిడ గొంతులో వింటే జనం సరేలెమ్మని పెట్టె మీద కూర్చునేవారు. తర్వాత యంత్రం వచ్చింది. పైవాళ్ళు ఆవిడ చేతనే అంకెలన్నీ, ఊళ్ళన్నీ, 'ఆలస్యంగా', 'సమయానికి' అన్న మాటలన్నీ విడివిడిగా చదివించుకుని యంత్రంలో పోసుకున్నారు. పోసుకున్నాక ఇక ఆవిడతో పనిలేదన్నారు. తన గొంతే వచ్చి తన కుర్చీలో కూర్చుంటే ఎవరితోనని పోట్లాడుతుంది? ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి ఆవిడ మాట తగ్గిపోయింది. కావలసినవి అడగడం, పిలిస్తే పలకడం, అంతే.

అందుకే, పుస్తకాలను చదివి వినిపించే కంపెనీ ఒకటి గొంతుల కోసం వెతుకుతోందని తెలిసినప్పుడు ఆ ఇంట్లో చాలాకాలం తర్వాత ఒక కదలిక వచ్చింది. ఆవిడ చిన్నగదిలో గోడలకు దుప్పట్లు వేలాడదీసి, కథ ఒకటి చదివి పంపింది. జవాబు వచ్చింది. గొంతు చాలా బాగుందట, కానీ వెనకాల ఎవరో ఈల వేస్తున్నారట. మళ్ళీ పంపింది. ఈసారి జవాబులో, ఈల వేసే ఆయన్ని కాసేపు బయటికి పంపమని మర్యాదగా రాశారు.

బొంగరం నొచ్చుకున్నాడు. తాను ఆ సమయంలో ఇంట్లోనే లేడు, ఉన్నా ఇంత చెత్తగా ఈల వెయ్యడు.

ఈల వేసేది గాలి. కిటికీ రెక్కలకీ చట్రానికీ మధ్య ఉండాల్సిన రబ్బరు పట్టీ ఎండి, పగిలి, చచ్చిన బల్లి తోకల్లా అక్కడక్కడా వేలాడుతోంది. తలుపుల కింద సందులో వేలు పెడితే అవతలివాళ్ళు కరచాలనం చెయ్యవచ్చు. కంపెనీవాళ్ళు చివరి అవకాశం ఇస్తూ శనివారం సాయంత్రం లోపల పంపమన్నారు. అప్పటికీ ఈల వినిపిస్తే ఇంకో గొంతు చూసుకుంటారు.

ఆ జవాబు చదివాక ఆవిడ దుప్పట్లు విప్పి మడత పెట్టడం మొదలుపెట్టింది. బొంగరం చూశాడు. ఆ మడతలు అతనికి నచ్చలేదు. ఏడ్చినా బాగుండేది, అరిచినా బాగుండేది. అంచుకు అంచు కలిపి, నిమిరి మరీ మడత పెడుతోంది, ఇక వాటితో పని లేనట్టు.

"అవి అలాగే ఉంచు" అన్నాడు. "శనివారానికి ఈ ఇంట్లో గాలి చొరబడితే నా ఉద్యోగం నాది కాదు."

ఆ మాట గదిలోంచి బయటికొచ్చేసరికి, వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకున్న అత్తగారి చెవిన పడనే పడింది. ఆవిడ ఈ అల్లుణ్ణి పెళ్ళిచూపుల నాటినుంచీ గమనిస్తోంది. ఈయన మొదలుపెట్టి వదిలేసిన పనులు ఆ ఇంట్లో పురావస్తు శాఖవాళ్ళు వచ్చి తవ్వుకోవచ్చు: సగం రంగు వేసిన గోడ, మూడు కాళ్ళ దాకా వచ్చిన స్టూలు, ఒక్క చెప్పు పట్టే చెప్పుల అర. అందుకే ఆవిడ తన కుర్చీని కిటికీకి కాస్త దూరంగా జరుపుకుంది.

ఇనప సామాన్ల కొట్టాయన, సందు ఎంత ఉందని అడిగాడు. మెత్తటి మైనం ముద్ద సందులో పెట్టి తలుపు వేస్తే అది ఎంత మందాన నలిగిందో తెలుస్తుందని, ఆ మందం చూసి పట్టీ తీసుకోమని సలహా కూడా ఇచ్చాడు. బొంగరం నవ్వాడు. తనది తనిఖీ కన్ను, మైనంతో పనిలేదు అన్నాడు. కొట్టులో ఉన్నవాటిలో అన్నిటికంటే లావుపాటి రబ్బరు పట్టీ, వెనక జిగురున్నది, మెడలో దండలా వేసుకుని బస్సెక్కాడు. ఆ బస్సులో కూడా నలుగురి టికెట్లు చూశాడట, డ్యూటీలో లేకపోయినా.

మొదటి రోజు గంటలో హాలు కిటికీలన్నీ అయిపోయాయి. పాత జిగురు గీకడం, దుమ్ము తుడవడం చేతకానివాళ్ళ పని అనుకున్నాడు. దుమ్ము మీదే అంటించాడు. తెల్లవారి అత్తగారు వెలుగు కోసం కిటికీ కింద కూర్చుని కళ్ళద్దాలు తుడుచుకుంటుంటే, పై పట్టీ మొత్తం ఊడి ఆవిడ మెడలో పడింది. ఆవిడ అద్దాలు పెట్టుకుని, దాన్ని మెడలోంచి తీసి, ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చూసి, అల్లుడి చేతికిచ్చింది.

"సన్మానాలు ఎందుకు అల్లుడుగారూ, మీరు పని చెయ్యండి చాలు" అంది.

ఆ మాట బాగా పనిచేసింది. బొంగరం సెలవు పెట్టాడు. మొండి చాకుతో పాత జిగురు గీకాడు, తడిగుడ్డతో తుడిచాడు, ఆరనిచ్చాడు. ఆరనివ్వడమే కష్టమైంది. చట్రం ఆరేలోపల మెట్లు దిగి ఎక్కి, దిగి ఎక్కి, కింది అంతస్తువాళ్ళు ఎవరైనా పోయారేమోనని తలుపు తీసి చూసేదాకా తిరిగాడు.

అంటించాక తనిఖీ. దానికి మాత్రం బొంగరం సొంత పద్ధతి ఒకటి కనిపెట్టాడు. డిపోలో పారేసే పాత టికెట్లు జేబునిండా తెచ్చాడు. కిటికీ రెక్కకీ చట్రానికీ మధ్య ఒక టికెట్ పెట్టి రెక్క మూస్తాడు. టికెట్ పట్టుకుని లాగుతాడు. జారి వచ్చేస్తే అక్కడ పట్టు లేదన్నమాట, గాలి టికెట్ లేకుండా ప్రయాణం చేస్తోందన్నమాట. రాకపోతే ఆ సందు నిజాయితీపరురాలు. పద్ధతి మంచిదే. కానీ బొంగరానికి టికెట్ రాకపోతే సరిపోయేది కాదు. లాగితే చిరగాలి. చిరిగితేనే తృప్తి. చిరగని చోటల్లా ఉన్న పట్టీ మీద ఇంకో పట్టీ అంటించుకుంటూ పోయాడు.

హాలు కిటికీలు మూసుకున్నాయి. ఈల వంటింట్లోకి మారింది. వంటింటి కిటికీ బిగించాడు. స్నానాల గదిలోకి మారింది. దారులు తగ్గేకొద్దీ గాలికి పంతం పెరిగింది, మొదట బద్ధకంగా ఊదేది ఇప్పుడు పళ్ళ మధ్య నుంచి ఊదుతోంది. బొంగరం దాని వెంట గది గదికీ పరిగెత్తాడు, చెవి గోడకి ఆనించి, ఒక చేత్తో పట్టీ, ఒక చేత్తో కత్తెర. అత్తగారు తల తిప్పుతూ చూసింది. దొంగను ఒక బోగీలోంచి ఇంకో బోగీలోకి తోలుతున్నారు తప్ప కిందికి దింపడం లేదని వ్యాఖ్యానించింది. భార్య మాత్రం చిన్నగదిలో కూర్చుని, చదవాల్సిన కథను పెదవులు కదలకుండా మళ్ళీ మళ్ళీ చదువుకుంటోంది. శుక్రవారం సాయంత్రానికి గాలికి మిగిలిన దారి ఒక్కటే, వీధి తలుపు కింది సందు. అక్కడికి పట్టీ అయిపోయింది. అత్తగారు పాత దుప్పటి చుట్టి కుక్కింది. ఈల ఆగలేదు కానీ జలుబు చేసినవాడి ఈలలా మెత్తబడింది.

"హాల్లో ఉంటే ఉండనీ. చిన్నగది తలుపు గట్టిగా ఉంటే చాలు, లోపలికి రాదు" అన్నాడు బొంగరం. చిన్నగది తలుపు చట్రానికి చుట్టూ, ఆ లావు పట్టీయే, రెండేసి వరసలు, అప్పటికే వేసి ఉన్నాడు.

శనివారం పొద్దున ఆ తలుపు పడలేదు.

హాల్లోకి తెరుచుకునే తలుపు అది. మూస్తే రబ్బరు మీద ఆనుతుంది, నొక్కితే నొక్కుకుంటుంది, వదిలితే వీపు మీద చరిచినట్టు తిరిగి వస్తుంది. లోపలి గడియ తన రంధ్రానికి ఆమడ దూరంలో ఆగిపోయింది. కుర్చీ అడ్డం పెట్టారు, నున్నటి గచ్చు మీద కుర్చీ జారింది. పిడికి తాడు కట్టారు, తాడు సాగి కిర్రుమంది. మూడు కాళ్ళ స్టూలు సంగతి ఎవరూ ఎత్తలేదు. పట్టీ పీకి మళ్ళీ వేస్తానని బొంగరం చాకు తీశాడు. ఆవిడ అతని చెయ్యి పట్టుకుంది.

"వద్దండీ. మళ్ళీ గీకి, తుడిచి, ఆరబెట్టి... సాయంత్రం అయిపోతుంది. నాకు ఇంకో శనివారం లేదు."

అంత పొడుగు మాట ఆవిడ అని ఎన్నాళ్ళయిందో. బొంగరం చాకు మూశాడు. తలుపుకు ఏదైనా బరువైనది ఆనించాలి, కదలనిది, చప్పుడు చెయ్యనిది. ముగ్గురూ ఇల్లంతా చూశారు. బీరువా గోడకు బిగించి ఉంది.

"ఇంట్లో ఇక బరువైన వస్తువు మీరే" అంది అత్తగారు. "కదలకుండా ఉండడమే అనుమానం."

అలా, బొంగరం గచ్చు మీద కూర్చుని, వీపు తలుపుకు ఆనించి, హాలు అక్కడ ఇరుకు కాబట్టి కాళ్ళు ఎదుటి గోడకు తన్నిపెట్టాడు. ఫోను ఆపేశాడు. రబ్బరు మూలిగి నొక్కుకుంది. లోపల భార్య ఉంది, బయట గాలి ఉంది, మధ్యలో తాను. కథ పొడుగైనదే. అది అయ్యేదాకా కదలడానికి లేదు, దగ్గడానికి లేదు.

కూర్చోగానే ఎడమ మోకాలు దురద పెట్టింది. తర్వాత కుడి మడమ. తర్వాత, ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఉందని కూడా తెలియని వీపు మధ్యభాగం. కాళ్ళల్లో చీమలు మొదట నడిచాయి, తర్వాత పరిగెత్తాయి, తర్వాత బస్సులేసుకుని తిరిగాయి. గోడ మీది సగం రంగు మొదటిసారి ఎదురుగా కూర్చుని చూశాడు. ఎక్కడ ఆపాడో ఆ బ్రష్షు గీత కూడా కనిపిస్తోంది. అత్తగారు ఓ పక్కగా కుర్చీలో కూర్చుని, సర్కసులో సింహాన్ని చూసినట్టు రెప్ప వెయ్యకుండా చూస్తోంది.

చదవడం మొదలుపెట్టిందో లేదో తెలియలేదు. చెవి తలుపుకు ఆనించాడు. ఏమీ లేదు. ఇంకా గట్టిగా ఆనించాడు. రబ్బరు తన పని తాను చేసింది, లోపలి మాట ఒక్కటీ బయటికి రాలేదు.

అప్పుడు బొంగరానికి రైల్వే స్టేషను గుర్తొచ్చింది. పెళ్ళికి ముందు తనిఖీ కోసం స్టేషన్ దగ్గర బస్సు మారేవాడు. లోపల్నుంచి ఆ గొంతు వినిపించగానే కాలు ఆగిపోయేది. ఎక్కాల్సిన బస్సు వెళ్ళిపోయేది, తనకు పనిలేని ఊరికి బండి ఏ ప్లాట్‌ఫారం మీద వస్తుందో చివరిదాకా వినేవాడు. బొంగరం నిలబడిపోయాడని తోటివాళ్ళు నవ్వేవారు. ఇప్పుడూ అటు వెళితే అదే గొంతు వినిపిస్తుంది, కానీ మాటకీ మాటకీ మధ్య కత్తెర పడిన చోటు తెలుస్తుంది. మొత్తం గొంతు, ఊపిరితో సహా, ఈ తలుపు వెనక ఉంది. దాన్ని తన చేతులతో తానే రెండు వరసల రబ్బరు వేసి మూసుకున్నాడు. ఎక్కడైనా తడబడిందా, దగ్గు వచ్చిందా, సగంలో ఆపేసి దుప్పట్లు మడత పెడుతోందా? లేచి చూద్దామంటే లేచిన క్షణం తలుపు తెరుచుకుంటుంది. లేవకపోతే తెలియదు. కాళ్ళు ఇంకా గట్టిగా తన్నిపెట్టాడు.

ఎంతసేపయిందో. వీపు వెనక తలుపు కదిలింది.

గాలి. బొంగరం పళ్ళు బిగించి వెనక్కి తోశాడు. తలుపు ఆగింది. మళ్ళీ తోసింది, ఈసారి బలంగా. బొంగరం మెడ నరాలు ఉబ్బేదాకా తోశాడు. వీధి తలుపు దారి మూసేసరికి ఇటు నుంచి పడిందన్నమాట, ఎటు నుంచి వచ్చినా తన ముందు సాగదు. అత్తగారి వైపు చూసి, మాట బయటికి రాకుండా, గాలి ఎంత పొగరుగా ఉందో చేతులతో చెప్పాడు. దాన్ని ఎలా అణిచాడో కూడా చెప్పాడు. తలుపు మీద దబదబ చప్పుడు వీపుకు తెలిసింది. ఆగింది. మళ్ళీ దబదబ.

అత్తగారు కాసేపు ఆ తలుపు వంకా, అల్లుడి వంకా చూసింది.

"గాలి మూడుసార్లు తట్టి, ఆగి, మళ్ళీ మూడుసార్లు తడుతుందా అల్లుడుగారూ?"

బొంగరం లేవబోయాడు. కాళ్ళు తిమ్మిరెక్కి లేవలేదు, పక్కకి దొర్లాడు. తలుపు విసురుగా తెరుచుకుంది. భార్య హాల్లోకి వచ్చి పడింది, చెమటతో, చెదిరిన జుట్టుతో, చేతిలో ఫోనుతో. చదవడం ఎప్పుడో అయిపోయిందట. పిలిచిందట, అరిచిందట. చిన్నగదిలో సిగ్నలు లేదు, పంపాలంటే హాలు కిటికీ దగ్గరికి రావాలి. తోసినకొద్దీ ఎవరో అవతల్నుంచి తోస్తున్నారట.

"నేను గాలనుకున్నాను" అన్నాడు బొంగరం గచ్చు మీంచే.

ఆవిడ కిటికీ దగ్గరికి పరిగెత్తింది. వీధిలో దీపాలు ఇంకా వెలగలేదు. ఫోను మీద గీత నెమ్మదిగా నిండుతోంది. బొంగరం గోడ పట్టుకుని లేచి, తిమ్మిరి కాళ్ళతో హాలు ఈ చివర్నుంచి ఆ చివరికి కుంటడం మొదలుపెట్టాడు. కూర్చోమని ఆవిడ అంది. కూర్చున్నాడు. లేచాడు. గీత నిండింది. వెళ్ళింది. ఇక ఎదురు చూడడమే మిగిలింది. ఇంట్లో ముగ్గురూ ఎవరి మూల వాళ్ళు పట్టుకున్నారు, వీధి తలుపు కింద దుప్పటిలో గాలి ముక్కుతో ఊదుతూనే ఉంది.

ఆ రాత్రి ఫోను మోగినప్పుడు బొంగరం మెట్ల మీద ఉన్నాడు. రెండేసి మెట్లు ఎక్కి వచ్చేసరికి ఆవిడ వింటోంది. ఊఁ అంటోంది. మళ్ళీ ఊఁ అంటోంది. ఈ ఊఁలలో ఏ ఊఁకి ఏ అర్థమో తెలియక అతను చెప్పులు విప్పడం మర్చిపోయాడు.

ఈల లేదన్నారట. చివర్లో ఎవరో పెద్ద పోట్లాట జరిగినట్టు తలుపు బాదారట, ఆ ముక్క తీసేస్తామన్నారట. సోమవారం నుంచి పుస్తకం మొదలు, లావుపాటి పుస్తకం, అది బాగుంటే వరసగా ఇంకొన్ని.

ఇదంతా ఆవిడ ఒక్క ఊపిరిన చెప్పింది. చెబుతూనే మధ్యలో నవ్వింది, గాలితో కుస్తీ పట్టిన మొగుడి సంగతి వాళ్ళకు ఎలా చెప్పాలో తెలియక, పక్కింట్లో మరమ్మతులని అబద్ధం చెప్పానంది. అత్తగారు ఆ అబద్ధం నాలుగైదుసార్లు చెప్పించుకుని వింది.

సోమవారం బొంగరానికి డ్యూటీ ఉంది. రోజూ సెలవు పెట్టి తలుపుకు గడియగా కూర్చోలేడు, ఇంకోసారి కదలకుండా కూర్చుంటాడన్న నమ్మకం తనకు లేదని అత్తగారు ముందే చెప్పేసింది. కాబట్టి ఆదివారం కొట్టాయన దగ్గరికి మళ్ళీ వెళ్ళాడు. ఈసారి మైనం ముద్ద అడిగి తీసుకున్నాడు. చిన్నగది చట్రం మీది లావు రబ్బరు రెండు వరసలూ పీకి, సందులో మైనం పెట్టి, తలుపు వేసి, తీసి, నలిగిన మందం కొట్టాయనకు చూపించి, దానికి తగ్గ సన్నపాటి పట్టీ తెచ్చాడు. వీధి తలుపు కిందకు కుచ్చులున్న బ్రష్షు పట్టీ బిగించాడు, హాల్లో ఈల ఆగిపోయింది. ఇక మిగిలింది చిన్నగది చట్రం మీది పాత జిగురు. గీకాడు. తుడిచాడు. ఆరేదాకా చెప్పుల అరకు రెండో చెప్పు పట్టే పలక కొట్టాడు, ఊరికే ఉండలేక.

పైన, రెండు పక్కలా, గడియ వైపూ అంటించాడు. తలుపు టక్కున పడింది, గడియ సరిగ్గా తన రంధ్రంలోకి వెళ్ళింది. కింద మడతబందు పక్కన, మూలలో, బెత్తెడు చోటు మిగిలింది. బొంగరం అక్కడ మోకాళ్ళ మీద కూర్చుని, కత్తెర పట్టుకుని, చాలాసేపు ఆ మూలను చూశాడు. లోపల భార్య రేపటి పుస్తకం తెరిచి, మొదటి పేజీ పైకి చదువుకుంటోంది. తలుపు వేసే ఉంది. ఆ బెత్తెడు చోటు నుంచి గొంతు సన్నగా, తెగకుండా, ఊపిరితో సహా హాల్లోకి వస్తోంది.

అత్తగారు నీళ్ళు తాగడానికి లేచి అటుగా వచ్చింది. పని అయిపోయిందా అని అడిగింది. అయిపోయిందన్నాడు. మూలలో పట్టీ లేదేమని అడిగింది.

"చాల్లేదండీ అత్తయ్యగారూ. కొట్టువాడు కొలతలో కొట్టేశాడు."

మిగిలిన రబ్బరు ముక్క మూరెడు పొడుగున అతని జేబులోంచి వేలాడుతోంది. ఆవిడ దాన్ని చూసింది, తలుపును చూసింది, తలుపు పక్కన కాళ్ళు ముడుచుకుని గచ్చు మీద చతికిలబడిన అల్లుణ్ణి చూసింది.

"కొట్టువాళ్ళంతా అంతే" అని, నీళ్ళ గ్లాసుతో తన కుర్చీ దగ్గరికి వెళ్ళిపోయింది.